తాళాన్ని నమ్మని మాస్టారు

మా మాస్టారు పోయారన్న కబురు పోయిన నెలలో కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మొదటి పది నిమిషాలు ఎవరూ సంతాపం చెప్పలేదు. ఒకడు "ఎవరు చెప్పారు?" అన్నాడు. ఇంకొకడు "ఫార్వర్డా, నీకు స్వయంగా తెలుసా?" అని అడిగాడు. మా రూమ్మేట్ అయితే "ఇంటికి ఫోన్ చేసి కనుక్కునేదాకా ఎవరూ ఓం శాంతి పెట్టకండి" అని రాసింది. బయటివాళ్ళు చూస్తే వీళ్ళసలు మనుషులేనా అనుకుంటారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం, ఇంకెలా ఉంటాం? చివరికి నేనే ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తి, నేనేమీ అడగకముందే "నిజమేనమ్మా" అన్నారు. అప్పటికే అరడజను మంది అడిగి ఉంటారు.

గుంటూరు శివార్లలో ఇంజినీరింగ్ కాలేజీ మాది. అక్కడ అందరూ సార్లే, ఆయనొక్కరే మాస్టారు. మాకు రాజ్యాంగం చెప్పేవారు. మార్కులు కలవని సబ్జెక్టు కాబట్టి హాజరు కోసం కూర్చునేవాళ్ళం. సమాజసేవ యూనిట్ కూడా ఆయన చేతిలోనే ఉండేది. ఎవరైనా పెన్ను అడిగితే మూత తన దగ్గరే ఉంచుకుని పెన్ను ఇచ్చేవారు. స్కూటర్‌కి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి హ్యాండిల్ కుదిపి చూసేవారు. హాజరు పట్టీలో నలభై సంతకాలుంటే తలలు లెక్కపెట్టేవారు. "నమ్మి చెడినవాడు లేడంటారు కదా మాస్టారూ" అని ఒకసారి వెనక బెంచీవాళ్ళు ఆటపట్టిస్తే, "దేవుడి విషయంలో సరేరా. జాబితాల విషయంలో నమ్మే చెడతారు" అన్నారు.

మిగతా కాలేజీల పిల్లలు బ్యానర్ పట్టుకుని, కొత్త చీపుళ్ళతో ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళు. మాకు బ్యానర్ లేదు, ఫొటో లేదు. సర్టిఫికెట్ అడిగితే "పని అయ్యాక వారానికి మళ్ళీ అక్కడికెళ్ళి చూసిరా, అప్పుడిస్తా" అనేవారు. ఇంత చేస్తున్నది ఊరికేనా అని మాకూ అనుమానంగానే ఉండేది. "ఈయనకి ఏదో పార్టీలో సీటు కావాలే. చూస్తా ఉండు" అనేది మా రూమ్మేట్. నేను కాదనలేదు.

రెండో సంవత్సరం మాఘంలో, మిరపకాయల కాలంలో, ఓటర్ల జాబితా సరిచూసే పని వచ్చింది. కోల్డ్ స్టోరేజీల వెనక ఒక కాలనీ ఉంది. అక్కడి పోలింగ్ బూత్‌కి అధికారి ఒక అంగన్‌వాడీ టీచరు. ఆవిడకి సాయంగా మేము ఇంటింటికీ వెళ్ళి, జాబితాలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉన్నారో లేదో రాసుకురావాలి. మా కాగితాన్ని బట్టి ఆవిడ పైకి రాస్తుంది. ఆ తర్వాత లేనివాళ్ళ పేర్లు తీసేస్తారు.

క్లాసులు అయ్యాక పన్నెండింటికి బయల్దేరాం. తలుపు తీసినవాళ్ళు మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు. "ఏ పార్టీవాళ్ళమ్మా మీరు? పేర్లెందుకు రాసుకుంటన్నారు, రేషన్ కార్డులు తీసెయ్యటానికా?" అని ఒకామె నా చేతిలోని కాగితం లాక్కోబోయింది. చివరి వరసలో ఆ గొడవ కూడా లేదు. పద్నాలుగు ఇళ్ళు, అన్నిటికీ తాళాలే. ఎండ మాడ్చేస్తోంది. పక్కింటివాళ్ళని అడుగుదామంటే పక్కింటికీ తాళమే. పద్నాలుగింటికీ ఎదురుగా "ఇల్లు మారారు" అని గుండ్రటి అక్షరాలతో రాసి తెచ్చాను.

మాస్టారు కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూశారు. "ఇంత శుభ్రంగా ఉందేంటమ్మా? వరస వరసంతా ఒకేసారి లేచిపోయిందా?" అన్నారు. 

"తాళాలు వేసున్నాయి మాస్టారూ." 

"ఎద్దు ఈనిందంటే దూడని గాట్లో కట్టెయ్యమన్నాడంట. రేపు పొద్దున ఐదున్నరకి హాస్టల్ గేటు దగ్గరుండు. అప్పటిదాకా ఇది నా దగ్గరుంటుంది." 

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నమంతా ఎండలో తిరిగింది నేను. పైగా ఆలోచించిన కొద్దీ లెక్క తేలిపోయింది. లేనివాళ్ళ పేర్లు తీసేస్తానంటే ఈయన ఎందుకు అడ్డుపడుతున్నారు? ఆ పేర్ల మీద ఎవరో దొంగ ఓట్లు వేయాలి కాబట్టి. రూమ్మేట్ చెప్పిన పార్టీ కథ అచ్చంగా సరిపోయింది. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, మాస్టారు ఏదో పార్టీకి దొంగ ఓట్లు కాపాడుతున్నారని చెప్పాను. ఆయన నా పేరు రాసుకుని, మాస్టార్ని పిలిపించారు. దేశాన్ని కాపాడానన్న తృప్తితో అన్నం తిన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పొద్దున ఐదున్నరకి గేటు దగ్గర మాస్టారు ఉన్నారు. రారనుకున్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ ఏదో చెప్పబోతే, "పద పద, ఆటోలు వెళ్ళిపోతాయి" అన్నారు.

ఆయన ఏ ఆటోల గురించి అన్నారో కాలనీకి వెళ్ళాక అర్థమైంది. చివరి వరసలో పద్నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్ళు తలకీ ముక్కుకీ గుడ్డలు చుట్టుకుని, క్యారేజీలు పట్టుకుని షేర్ ఆటోలు ఎక్కుతున్నారు. మిరపకాయలకి తొడిమలు తీసే పని వాళ్ళది. కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్లలో కూర్చుంటే మళ్ళీ ఇల్లు చేరేది పొద్దుగూకాకే. అందరికంటే పెద్దావిడ నా చేతిలో జాబితా చూసి నిలబడింది.

"నిన్న మిట్టమజ్జానం వచ్చిందంట, నువ్వేనా? మిరపకాయల రోజుల్లో మిట్టమజ్జానం ఇంట్లో ఎవరుంటారే? ఆ మాత్రం తెలియకుండా ఏం సదువుతున్నావు?" అంది. వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపింది. వేళ్ళ చివర్లు మిరప మంటకి పగిలి ఉన్నాయి. "నా పేరు ఉంటదా, పోద్దా?" అని అడిగింది. ఉంటుందని చెప్పాను. ఆవిడ నన్ను నమ్మలేదు, మాస్టారి వైపు చూసింది. ఆయన తలూపాక ఆటో ఎక్కింది.

తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర ఆగాం. ఏడుపు ఆపుకుంటున్నాను. ప్రిన్సిపాల్ సంగతి నేనే ఎత్తాను. 

"తెలుసు. నన్ను అనుమానించడంలో తప్పేం లేదు, అనుమానించాల్సిందే" అన్నారు. టీ ఊదుకుంటూ, "కానీ తాళాన్ని నమ్మావు చూడు, అదే నాకు నచ్చలేదు. అనుమానం వచ్చినా రాకపోయినా, ఇంకోసారి వెళ్ళి చూడాలమ్మా" అన్నారు.

ఆ మాట అక్కడితో ఆగలేదు నాలో. మాది చిలకలూరిపేట. అమ్మా నాన్నా ఇద్దరూ స్పిన్నింగ్ మిల్లులోనే పని. నేను హాస్టల్‌కొచ్చాక మా ఇంటికి పగలంతా తాళమే. నాలాంటి తెలివైన పిల్ల ఒకతి మిట్టమధ్యాహ్నం మా వీధికి వెళ్ళి ఉంటే, మా అమ్మ కూడా "ఇల్లు మారారు". టీ గ్లాసు పట్టుకునే అమ్మకి ఫోన్ చేశాను. "ఏమైందే ఇంత పొద్దున్నే?" అని కంగారుపడింది. ఏం లేదని పెట్టేశాను.

ఆ తర్వాతి సంవత్సరం సమాజసేవ యూనిట్‌ని ఇంకెవరికో ఇచ్చారు. నా మాట వల్లేనా? కారణం ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కొత్త సారు బ్యానర్ కుట్టించారు, సర్టిఫికెట్లు అందరికీ వచ్చాయి. మాస్టారు రాజ్యాంగం చెప్పుకుంటూ తలలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయారు. కనిపిస్తే నవ్వేవారు. ఆ నవ్వులో ఏమైనా ఉందా అని చాలా ఏళ్ళు వెతికాను. ఉద్యోగం గుంటూరులోనే అయినా ఆయన ఇంటికి నాలుగైదుసార్లకి మించి వెళ్ళలేదు. తప్పు చేసినవాళ్ళకి మంచివాళ్ళ ఇల్లు దూరమే.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్య నన్ను పిలిపించారు. "నేను పోయాక ముందు ఓటర్ల జాబితాలో నా పేరు తీయించు, లేకపోతే నా ఓటు ఇంకెవడో వేసిపోతాడు అన్నారమ్మా. నీకే చెప్పమన్నారు" అన్నారు.

"నాకేనా అండీ? నా పేరు చెప్పారా?"

"పేటమ్మాయికి చెప్పు అన్నారు. ఆ పిల్ల నన్నే నమ్మలేదు, కాగితాన్ని అసలు నమ్మదు, సరిగ్గా చేస్తుంది అన్నారు. నవ్వుతానే అన్నార్లే."

ఇన్నేళ్ళు నేను వెతికిన నవ్వు అదే అయ్యుంటుంది. అక్కడే కూర్చుని కడుపారా ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి, పక్కనే కూర్చున్నారు.

పేరు తొలగించే ఫారం నా చేత్తోనే నింపాను. కారణం దగ్గర "మరణం" అని రాయడానికి చాలాసేపు పట్టింది. అది తీసుకెళ్ళి ఇస్తే వాళ్ళ వీధి బూత్ అధికారిణి, చిన్న వయసు అమ్మాయి, నన్ను కిందా మీదా చూసింది. "మీరాయనకి ఏమవుతారు? మీరెందుకు తీయిస్తున్నారు?" అంది. మరణ ధ్రువపత్రం చూపించాను. తీసుకుంది కానీ, "ఇంటికొచ్చి చూడకుండా నేను రాయనండి" అంది. నాకు కోపం రాలేదు. రమ్మన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. మాస్టారి భార్యా నేనూ వరండాలో ఉన్నాం. మమ్మల్ని చూసి కూడా ఆ అమ్మాయి గుమ్మం ముందు నిలబడి, జాబితా తెరిచి, అందులో ఉన్న పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చదివి, లోపలికి చూసింది. లోపల ఫ్యాను తిరుగుతోంది. ముగ్గురం జవాబు కోసం కాసేపు అలాగే ఎదురుచూశాం.