ముందు శాంపిలు, తరువాత కుర్చీ

ఎంతటి చుట్టమైనా సరే, వీడియో శాంపిలు ఇవ్వనిదే శాంపిల్‌గారింట్లో కుర్చీ దొరకదు. ఆయన అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఉద్యోగం వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్ కంపెనీలో. పెద్ద ఫైలుని కుదించడం, దాన్ని పాత ఫోనులోనూ కొత్త టీవీలోనూ ఆడించి, బొమ్మ చెదిరిందా, మాట వెనకబడిందా అని చూడడం ఆయన పని. అందుకోసం కంపెనీవాళ్ళు శాంపిలు వీడియోలు బోలెడు ఇచ్చారు. వాటిలో పువ్వులు విచ్చుకుంటాయి, అలలు విరుగుతాయి, ఒక కుక్క బంతి వెంట పరుగెడుతుంది.

"ఆ కుక్కకి మాటలొచ్చా?" అనేవారాయన.

మాటా పెదవీ కలిశాయో లేదో తెలియాలంటే మనిషి కావాలి. ఆ మనిషి పెదవులు మూసి తెరిచే మాటలు పలకాలి. అందుకని ఆయనే ఒక వాక్యం కట్టారు: "మా బామ్మ పాపం పిప్పరమెంటు బిళ్ళ మింగింది." వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి, కెమెరాకేసి చూస్తూ ఈ ముక్క చెప్పాలి. ఆపైన తామెవరో, ఎందుకొచ్చారో నిదానంగా చెప్పుకోవాలి. అప్పుడు కుర్చీ.

కొళాయి బాగుచెయ్యడానికి వచ్చిన ప్లంబరు, వంటింట్లో నీళ్ళు వరద కడుతుంటే, ఇవతల బామ్మ సంగతి చెబుతూ నిలబడ్డాడు. అతనిది అయ్యాక శాంపిల్‌గారు ఆ వరదని కూడా వీడియో తీశారు. పారే నీళ్ళని కుదించడమంత కష్టం మరొకటి లేదట. ఆయన బావగారు, అంటే భార్యకి స్వయానా అన్నగారు, మహా గంభీరమైన మనిషి. పిప్పరమెంటు దగ్గరికి వచ్చేసరికి ఆయన కట్టుడుపళ్ళు జారి నేలమీద పడ్డాయి. శాంపిల్‌గారు వాటిని కడిగి తెచ్చి అందిస్తూ, "పెట్టుకుని ఇంకొక్కసారి, బావగారూ" అన్నారు.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలికీ తప్పలేదు. సూట్‌కేసు కింద పెట్టకముందే బామ్మ చేత పిప్పరమెంటు మింగించింది. మొదట్లో నవ్వొచ్చింది. కానీ ఊరందరికీ ఒక్క శాంపిలుతో పోయేది, ఆమెకి రోజూ తప్పేది కాదు. ఏమనుకోకమ్మా, ఇంకాస్త నోరు తెరిచి చెప్పు అనేవారు మావగారు. పుట్టింట్లో ఆమెని నోరు మూసుకోమన్నవాళ్ళే గాని తెరవమన్నవాళ్ళు లేరు.

అయితే ఆమె అసలు బాధ అత్తగారితో. కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని శాంపిళ్ళన్నీ కళ్ళార్పకుండా చూసే ఆ పెద్దావిడ, కోడలు వంటింట్లోంచి కాఫీ కలపనా అంటే పలికేది కాదు. వెనకనుంచి పిలిస్తే తిరిగేది కాదు. ఎదురుపడితే మాత్రం చక్కగా నవ్వేది. ఎదుట నవ్వు, వెనక మౌనం. ఇదేదో కడుపులో పెట్టుకున్న కోపమేనని కోడలు తేల్చుకుంది. భర్తతో చెబితే, మా అమ్మది మొదటినుంచీ పరధ్యానమే అని దులుపుకున్నాడు. ఇక లాభం లేదు, ఆదివారం వేరు కాపురం మాట ఎత్తాల్సిందే అనుకుంది.

ఆ ఆదివారం పొద్దున్న పళ్ళెం పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి, అత్తగారు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెరమీద ఉన్నది కోడలే. స్పీకరు వైరు పీకేసి ఉంది. శబ్దం లేకుండా కదిలే ఆ పెదవుల్ని చూస్తూ అత్తగారు తన పెదవులూ అలాగే కదుపుతోంది. తనని వెక్కిరిస్తోందనుకుని కోడలికి ఒళ్ళు మండింది. చేతిలో పళ్ళెం జారిందో, జారవిడిచిందో గాని, ఖంగుమని మోగింది. పక్కింటావిడ కిటికీ తెరిచి తొంగిచూసింది. రెండడుగుల్లో ఉన్న అత్తగారు తల తిప్పలేదు.

మావగారు ఏమీ అనొద్దన్నట్టు సైగచేసి కోడల్ని బాల్కనీలోకి పిలిచారు.

"మీ అత్తయ్యకి వినపడదమ్మా. చెవికి మిషను పెట్టుకోమంటే, నాకు బాగానే వినపడుతుంది, నేనేం ముసలిదాన్నా అని వారం రోజులు నాతో మాట్లాడడం మానేసింది. నేనది నమ్మేశాననీ, ఇంకెవరికీ తెలియదనీ అనుకుంటోంది. అనుకోనీ."

అందుకే మనుషుల్ని వెలుతురులో నిలబెడుతున్నానన్నారు. ఎవరి పెదవి ఎలా కదులుతుందో ఒకసారి చూసుకుంటే, ఆవిడకి వాళ్ళ మాట పట్టుబడుతుందట.

"నువ్వేమో పెదవులు కదపకుండా మాట్లాడతావు తల్లీ. నీ మాట పట్టుకోవాలని, ఎవరూ చూడకుండా నీ వీడియో పాఠంలా చదువుతోంది."

కోడలు హాల్లోకి ఒకసారి తొంగిచూసింది. "మరి మీ ఆఫీసుకి శాంపిళ్ళు?" అంది.

"ఆఫీసుకి ఆ కుక్క చాలు."

వేరు కాపురం మాట ఆమె నోటిదాకా రాలేదు. వెనకనుంచి పిలవడం మానేసి, ఎదురుగా వెళ్ళి కూర్చుని కబుర్లు మొదలుపెట్టింది. ఆ అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎంతసేపు మాట్లాడుకునేవారంటే, శాంపిల్‌గారికి వేళకి అన్నం పెట్టే దిక్కు లేకపోయింది.

ఒకరోజు ఆయన హాల్లో ఇన్సూరెన్సు ఏజెంటు చేత పిప్పరమెంటు చెప్పిస్తుంటే, అత్తగారు కోడల్ని చెయ్యిపట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"మీ మావగారి పిచ్చికి విసుక్కోకమ్మా. ఆ శాంపిళ్ళు లేకపోతే ఆయనకి తోచదు. పొద్దస్తమానం ఆ కెమెరా పక్కన కూర్చోవడం నాకు మాత్రం సరదానా? పాపం, చిన్నబుచ్చుకుంటారని ఓర్చుకుంటున్నాను. ఈ సంగతి ఆయనతో అనకు సుమా."

కోడలు నవ్వు బిగబట్టి, ఆవిడ ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి, "అనను అత్తయ్యా" అంది.