జొన్నపిండిలో గుచ్చిన స్క్రూలు

లేదు, ఆమె ఏ కంప్యూటర్ కోర్సూ చేయలేదు. సంతకం పెట్టడం కూడా రాదు. మొన్న గురువారం పొద్దున కన్నుమూసిన మా పెద్దమ్మ గురించి చెబుతున్నాను. అమ్మకు అక్క. ఆర్మూర్‌లో మా ఇంట్లోనే ఉండేది. నేను ఏడో తరగతితో బడి మానేశాను, నలుగురిలో నోరు విప్పలేను. అందుకే ఆమె గురించి అడిగిన మీ అందరికీ ఫోన్‌లో రాసి పంపిస్తున్నాను.

పెద్దమ్మ ఏళ్లకేళ్లు పసుపు ఏరే పని చేసింది. పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటివి ఒక కుప్ప. నోరు మాట్లాడుతూనే ఉండేది, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

పోయిన ఎండాకాలం మా అక్కకు ఇంటి నుంచే చేసే టైపింగ్ ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున పదింటికి మొదలుపెట్టాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అంతలో ఆమె బాల్కొండకు పెళ్లికి పోయింది. నేను ఆమె ల్యాప్‌టాప్‌లో వీడియో చూస్తూ గ్లాసెడు టీ కీబోర్డు మీద ఒలకబోశాను. పెద్దమ్మ కొంగుతో తుడిచింది.

"భయమెందుకురా? తడిసినయి ఎండకేస్తె ఆరుతయి."

డాబా మీద ఆరబోసిన పసుపు మీదనే దాన్ని బోర్లా పెట్టింది. సాయంత్రానికి టీ ఆరింది. కానీ పసుపు పొడి ఆ చక్కెరకు అంటుకుని సందులన్నీ గట్టిపడ్డాయి. స్క్రీన్ వెలిగింది, ఒక్క మీటా పనిచేయలేదు.

అక్క వచ్చి చూసి ఏడ్చింది. "ఎవలు చేసిండ్రు?"

"నేనే బిడ్డా. టీ నాదే, ఎండకు పెట్టింది నేనే" అంది పెద్దమ్మ.

నేను నేల చూస్తూ నిలబడ్డాను.

శనివారం పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని కంప్యూటర్ దుకాణానికి పోయింది. దుకాణం ఆయన తిప్పి చూసి, "కీబోర్డు మార్చాలె. పని మస్తుంది, పదిరోజులైతది" అన్నాడు.

"సోమారం పొద్దుగాల్లకు గావాలె బిడ్డా."

"అయితె మీరే ఇంట్ల మార్చుకోండ్రి" అని నవ్వాడు.

పెద్దమ్మ నవ్వలేదు. "మార్చుకుంటం తియ్. ఏం సామాన్ గావాల్నో ఇయ్యి. మా పోరడు చేస్తడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కొత్త కీబోర్డు, చిన్న స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. దారిలో "పెద్దమ్మా, నాకు రాదు" అన్నాను. "నాకు మాత్రం వస్తదా? ఇద్దరం రానోళ్లమే, పా" అంది.

ఆదివారం పొద్దున ఫోన్‌లో వీడియో పెట్టుకుని కూర్చున్నాం. వెనక స్క్రూలు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఏది ఎక్కడిదో మరిచిపోతే? పెద్దమ్మ లోపలికి పోయి జొన్నరొట్టెల పిండి గట్టిగా కలిపి తెచ్చింది. పెద్ద పళ్లెంలో ల్యాప్‌టాప్ ఆకారంలో పరిచింది.

"యాడ ఇప్పితె గాడనే గుచ్చు."

ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను. పాత కీబోర్డును పట్టుకున్న ప్లాస్టిక్ బొడిపెలను ఒక్కొక్కటే కోశాను. నా వేళ్లు పట్టని చోట ఆమె గోటితో లేపింది. కొత్తది పెట్టి, కాల్చిన సూదితో బొడిపెలను కరిగించి అతికించాను. బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి, స్క్రూలన్నీ బిగించి స్విచ్ నొక్కాను.

ఒక్క అక్షరం కూడా పడలేదు.

మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. అక్క కళ్లల్లో మళ్లీ నీళ్లు.

"సరిగ్గ ఉడకలేదని పసుపు పారబోస్తమా? మళ్ల పొయ్యెక్కిస్తం. ఇప్పు" అంది పెద్దమ్మ.

మళ్లీ విప్పాను. మళ్లీ పిండిలో గుచ్చాను. ఆమె వంగి లోపలికి చూసింది. కీబోర్డు నుంచి వచ్చే పల్చటి పట్టీ దగ్గర వేలు పెట్టింది.

"గీ తలుపు తెరిచే ఉన్నదేందిరా?"

పట్టీని పట్టి ఉంచే చిన్న నల్లటి గొళ్లెం. దాన్ని మూయడం నేనే మరిచిపోయాను. మూశాను. టక్ మంది. ఆమె ఒక్కొక్క స్క్రూకు పిండి తుడిచి అందిస్తుంటే నేను బిగించాను.

అక్క తన పేరు కొట్టింది. అక్షరాలన్నీ వరుసగా పడ్డాయి. "వచ్చింది పెద్దమ్మా!" అని ఎగిరింది. పెద్దమ్మ వాకిట్లోకి ఉరికి వాడకట్టంతా వినేటట్టు అరిచింది: "మా పోరడు కంప్యూటర్ బాగుచేసిండు!"

సిగ్గుతో తలుపు వెనక్కి పోయాను. కానీ ఆ రోజే నా నోరు కూడా పెగిలింది.

"అక్కా, టీ ఒలకబోసింది నేను."

"ఎరుకే. పెద్దమ్మ టీ తాగదు గదరా."

సోమవారం పదింటికి అక్క పనిలో కూర్చుంది. ఇప్పటికీ చేస్తోంది. ఆ దుకాణం ఆయన ఇప్పుడు కీబోర్డు పనులు నాకే పంపిస్తున్నాడు. కొత్తగా ఏది విప్పాలన్నా భయమే. పెద్దమ్మ అనేది, "భయపడుకుంటనే చెయ్యి, గని చెయ్యి ఆపకు."

అన్నట్టు, ఆ ఆదివారమే పెద్దమ్మ మా అక్క పక్కన చేరి "నేనొకటి ఒత్తనా?" అని అడిగింది. ఒక మీట మీద వేలు పెట్టి ఇక తీయలేదు. వరుసలకు వరుసలు నిండిపోతున్నాయి.

"ఇగ సాలు పెద్దమ్మా!"

"ఉరకనీ. గింత కష్టపడ్డంక ఒక్కటేనా?"

అక్క నవ్వుతూ ఆ ఫైలును అలాగే దాచింది. నిన్న ఇద్దరం తెరిచాం. పన్నెండు పేజీలు, అన్నింట్లో ఒకటే అక్షరం. చివరి పేజీలో సగం దాకా వచ్చి ఆగింది. మొదటి నుంచి ఒక్క వరుస కూడా వదలకుండా చూశాం. మీరైతే మధ్యలో ఆపగలరా?