కాలువలు కట్టేసిన రోజుల్లో తీసిన శాంపిల్

1998 వేసవి. నరసాపురంలో నీళ్లు, మట్టి పరీక్షించే ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. మే నెలలో మొగల్తూరు వైపు పల్లె నుంచి సూర్యనారాయణ గారనే రైతు వచ్చారు. ఆయన కూతురు మొదటి కాన్పుకి పుట్టింటికి వస్తోంది.

“ఒక్కగానొక్క పిల్లండి. మా చేతిపంపు నీళ్లు తాగొచ్చో లేదో ఓసారి చూసి చెప్పండి,” అన్నారు.

వెళ్లి శాంపిల్ తీశాను. కోలిఫాం టెస్ట్ అంటే మనిషి పేగుల్లో ఉండే బ్యాక్టీరియా నీళ్లలో చేరిందేమో చూడడం. చేరలేదు. ‘తాగవచ్చు’ అని రిపోర్టు రాసిచ్చాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నారు.

సెప్టెంబరులో మళ్లీ వచ్చారు. గడ్డం మాసి ఉంది. ఎనిమిదో నెలలో అమ్మాయికి పచ్చకామెర్లు వచ్చాయట. రాజమండ్రి తీసుకెళ్లినా తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదట.

“ఈసారి మట్టి చూడాలండి. మా తమ్ముడి సెప్టిక్ ట్యాంకు వల్లేనని నా అనుమానం. వాడు కాదంటున్నాడు.”

ఆగర్, అంటే లోతు నుంచి మట్టిని తీసే బరమా, పట్టుకుని వెళ్లాను. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. పడమటిది అన్నది, తూర్పుది తమ్ముడిది. వాస్తు ప్రకారం అన్న పంపు ఈశాన్యంలో ఉంది. వాస్తు ప్రకారమే తమ్ముడి ట్యాంకు వాయవ్యంలో ఉంది. ఎవరి స్థలంలో వాళ్లది తప్పు కాదు. కానీ నడిమి గోడకి అటూ ఇటూ కలిపి కొలిస్తే పంపుకీ ట్యాంకుకీ మధ్య ఎనిమిది అడుగులే. ట్యాంకు అడుగున కాంక్రీటు కూడా వేయలేదు.

“సిద్ధాంతి గారు ముగ్గు పోసిన చోటే కట్టానండి. అప్పుడు అన్నయ్య కూడా పక్కనే ఉన్నాడు,” అన్నాడు తమ్ముడు సత్తిబాబు. 

గోడవారన మూడు చోట్ల తవ్వాను. నాలుగు అడుగుల్లోనే నీరు ఊరింది. మట్టి నల్లగా, కంపు కొడుతూ వచ్చింది.  మే నెలలో నేను వచ్చినప్పుడు కాలువలు కట్టేసి, అంటే గోదావరి నీళ్లు వదలకుండా ఆపేసి ఉన్నాయి. భూమిలో నీరు బాగా కిందికి దిగి ఉంది. జూన్‌లో కాలువలు వదిలారు, వానలు పడ్డాయి, నీరు పైకొచ్చి ట్యాంకునీ పంపునీ కలిపేసింది. డెల్టాలో పుట్టిన నాకు ఇది తెలియని సంగతి కాదు. ఆ రోజు ఆలోచించలేదు, అంతే.

మట్టిలోనూ పంపు నీళ్లలోనూ కోలిఫాం బయటపడింది. కామెర్ల క్రిమిని పట్టే పరీక్ష మా ల్యాబ్‌లో లేదు. మురుగు తాగే నీళ్లలో కలుస్తోందని మాత్రం రాయగలిగాను.

“మరి మే నెలలో ఎందుకు బాగున్నాయండి?” అని అడిగారాయన. దాచకుండా కాలువల సంగతి చెప్పాను, నా తప్పు ఒప్పుకున్నాను. 

“నీళ్లు కాచి ఇద్దామని మా ఆవిడ అందండి. మీ కాగితం చూపించి నేనే వద్దన్నాను,” అన్నారు.

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ తర్వాత ఏ రిపోర్టులోనూ ‘తాగవచ్చు’ అని రాయలేదు. శాంపిల్ తీసిన నాటికి కాలువలు పారుతున్నాయో కట్టేశారో రాస్తాను. కట్టేసి ఉంటే, నీళ్లు వదిలాక మళ్లీ పరీక్ష చేయించుకోమంటాను. పంపు దగ్గరికి వెళ్లగానే ముందు గోడ అవతల ఏముందో చూస్తాను. ఆ మే నెలలో ఒక్కసారి తొంగి చూసి ఉంటే ట్యాంకు మూత కనబడేది.