ఉస్తాద్ తాళం

వికారాబాద్‌లో ఐటీఐ అయిపోయి తాండూరు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరినప్పుడు మా నాన్న ఒకటే షరతు పెట్టాడు. అక్కడినుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇంట్లో కూర్చోవాలి. పూడూరు వైపు గొర్లు కాసే మనిషి, ఆడపిల్లను కరెంటు పనికి పంపడమే ఎక్కువ. పైగా నా నోరు ఊరుకోదని ఆయనకు బాగా తెలుసు.

నన్ను ఒక ఉస్తాద్ కింద వేశారు. ఆయన నాకు ముందు నేర్పింది వైరు పట్టడం కాదు, తాళం వేయడం. మిషన్లోకి దిగేవాళ్లు దాని స్విచ్చు ఆపేసి తమ సొంత తాళం వేసుకోవాలి. తాళంచెవి తమ జేబులోనే ఉండాలి. తాళం వేలాడుతోందంటే దాని మనిషి లోపల ఉన్నట్టే, ఇంకెవరూ ముట్టకూడదు. ఇది రోజూ అప్పజెప్పించేవాడు. నాకు మహా విసుగ్గా ఉండేది.

ఒక సాయంత్రం, సున్నపురాయి మోసే బెల్టు ఉన్న సొరంగంలో లైట్లు మార్చాల్సి వచ్చింది. ఉస్తాద్ బెల్టు ఆపించి, తాళం వేసి, టార్చి పట్టుకుని లోపలికి దిగాడు. నన్ను బల్బుల కోసం స్టోరుకు పంపాడు. అక్కడ ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి తాళం అలాగే ఉంది, ఉస్తాద్ అలికిడి లేదు. సొరంగంలోకి అరిచాను, పలకలేదు. ఫోను కలవలేదు. సొరంగంలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంకా భయమేసింది.

ఇంతలో షిఫ్టు ఇంజనీరు వచ్చాడు. డ్యూటీ టైం దాటింది, ముసలాయన ఇంటికి పోయుంటాడు, తాళం కోసి బెల్టు నడపండి అన్నాడు. నేను స్విచ్చుకు అడ్డంగా నిలబడ్డాను. ముందు నెమ్మదిగా చెప్పి చూశాడు. తర్వాత నా అప్రెంటిస్ సర్టిఫికెట్ తన చేతిలో ఉందని గుర్తుచేశాడు. చివరికి, మీ నాన్నకు ఫోను చెయ్యమంటావా అన్నాడు. ఆ ఒక్క ఫోనుతో నా పని ఖతం.

"చెయ్యండి సార్, నంబరు నేనే చెప్త," అన్నాను. "మా ఉస్తాద్ కనపడేదాక మాత్రం తాళం కొయ్యనియ్య."

చివరికి ఇంజనీరు పంపిన ఇద్దరు మనుషులు లోపలికి వెళ్లి వెతికి, కనపడలేదని వచ్చారు. రాయి పడే గుంత దాకా పోయారా అంటే, అంత దూరం పోలేదన్నారు. ఆ గుంతలోనే ఉన్నాడని నాకు ఖాయమైపోయింది.

అప్పుడు నా ఫోను మోగింది. ఉస్తాదే, వికారాబాద్ స్టేషన్ నుంచి. ఇంట్లో భార్య జారిపడిందని ఎవరో లోపలికొచ్చి చెబితే పైకొచ్చి, తాళం తీయడం మరిచి, ఉన్నపళంగా రైలెక్కాడట. దారిలో అనంతగిరి అడవిలో ఫోను పనిచేయలేదట. సంతోషపడాల్సింది పోయి నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరు లోపల పడ్డరనుకొని నా పానం పోయింది ఉస్తాద్."

"తాళం కోసిన్రా?" అని అడిగాడు ఆయన.

"నేను కొయ్యనియ్యలే."

"కొయ్యమను బిడ్డ. తాళంచెవి నా జేబులనే ఉన్నది."

కోశారు. బెల్టు నడిచింది. ఇంజనీరు మా నాన్నకు ఫోను చేయలేదు, నేనూ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు అందరూ ఉస్తాద్‌ను ఆటపట్టించారు. నా మంకుతనం వల్లే ఆయన తప్పు నలుగురిలో పడిందని నాకు బెంగ. భార్య చేతికి కట్టు కట్టారని మాత్రం చెప్పి, రోజంతా నాతో మాట్లాడకుండా పనిచేశాడు. ఇక నన్ను తన కింద ఉంచుకోడనే అనుకున్నాను.

సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపాడు. ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి నిలబడ్డాడు. చేతిలో జేబురుమాలు, వక్కపలుకులు, కొత్త తాళం, దాని తాళంచెవి. పోయేవాళ్లు చూసి నవ్వుతున్నారు. ఆయన కదల్లేదు.

"చూడు. తాళం, చెవి రెండు నా దగ్గరనే ఉన్నయని రోజు నువ్వు చూసినంకనే గేటు దాటుత."

చూశాను. తర్వాత నా యూనిఫాం జేబులు కూడా బయటికి లాగి ఆయనకు చూపించాను.