బానెట్ కింద నేను కోసిన వైరు

చాలా ఏళ్ళుగా ఒక చిన్న మాట మోస్తున్నాను. మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతున్నంతసేపు అది గుర్తుకు రాదు. దారం తెగినప్పుడు, మళ్ళీ సూదిలోకి ఎక్కించే ఆ కాస్త ఖాళీలో వచ్చి కూర్చుంటుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ప్రార్థన కూటంలో అందరూ కళ్ళు మూసుకుని తమ తప్పులు దేవుడికి చెప్పుకుంటుంటే నేను కళ్ళు తెరిచి ఫ్యాను చూస్తూ ఉంటాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అలా ఉండటమే మంచిది.

ముందే ఒకటి చెప్పేస్తాను. క్షమించమని అడగడానికి కాదు ఇది. నేను చేసినదాంట్లో సగానికి ఇప్పటికీ తల వంచను. మిగతా సగం వేరే సంగతి.

మాది చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని కార్మికులకు కట్టించిన లైను ఇల్లు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో తాలింపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. నాయన బతుకంతా భూమి కిందే పనిచేశాడు. గని మూతపడ్డాక ఆయనకు మిగిలింది ఊపిరితిత్తుల నిండా దుమ్ము. తర్వాత జ్ఞాపకం కూడా చెదిరింది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఆయన్ని చూసుకుంటూ ఉండిపోయాను. త్యాగం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు నచ్చే ఉన్నాను.

పక్కింట్లో శేఖర్. రోజూ రైల్లో బెంగళూరుకు వెళ్ళి ఉద్యోగం చేసి వచ్చేవాడు. ఎవరో వాడి వదిలేసిన కారు ఒకటి కొన్నాడు. పని రోజుల్లో దాన్ని ఊరిగాం స్టేషను దగ్గర వదిలి రైలెక్కేవాడు. మిగతా అప్పుడంతా అది మా రెండిళ్ళ మధ్య సందులో, మూతి సరిగ్గా నాయన మంచం పక్క కిటికీకి పెట్టుకుని ఉండేది.

ఆ కారుకు అలారం ఉంది. దొంగ వస్తే మోగాలి. అది పిల్లి దూకినా మోగేది, గాలి వీచినా మోగేది, ఏమీ లేకపోయినా మోగేది. శేఖర్ బనియన్ మీదే బయటికి వచ్చి, తాళంచెవికి ఉన్న రిమోట్ నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టాక గానీ నోరు మూసేది కాదు. ఇంకో రోగం కూడా ఉండేది దానికి. లాక్ నొక్కితే తలుపులు టక్కుమని పడి, కాసేపటికి వాటంతట అవే తెరుచుకునేవి.

ఇందులో అంత కష్టమేముందని మీకు అనిపించవచ్చు. కారు అలారాలు ఏ ఊళ్ళో మోగవు? కానీ మా ఊళ్ళో ఆ కూత వేరు. గని సైరన్‌ను మా వాళ్ళు సంగు అంటారు. షిఫ్టు మారేటప్పుడు మోగితే అది గడియారం. వేళ కాని వేళ మోగితే కింద ఏదో కూలిందని అర్థం. అప్పుడు లైన్లలో ప్రతి ఇల్లూ పొయ్యి ఆర్పేసి, గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడాలి. ఎవరికి ఏమైందని అడగకూడదు. కింద ఉన్నవాళ్ళను మోసుకుని కేజ్ పైకి వచ్చేదాకా అందరూ అందరి కోసం నిలబడాలి. అదీ పద్ధతి. నాయన మా పేర్లు మరిచిపోయాడు గానీ ఆ పద్ధతి మరిచిపోలేదు.

అలారం మోగిన ప్రతిసారీ లేచేవాడు. "సంగు కూస్తా ఉండాది. పొయ్యి ఆర్పుమ్మా" అనేవాడు. టోపీ వెతుక్కుని బయలుదేరేవాడు. అది కారు నాయనా అంటే నా వంక అసహ్యంగా చూసేవాడు. కింద మనుషులు చిక్కుకుని ఉంటే కూతురు కారు కబుర్లు చెప్తోంది మరి. మూతపడిన గేటు ముందు ఎండలో ఒక్కడే నిలబడి, దగ్గుతూ, కేజ్ కోసం చూసేవాడు. పట్టుకుని లాక్కొస్తే ఏడ్చేవాడు. ఒకసారి దారిలో కాలవలో పడి మోకాలు చీల్చుకున్నాడు.

శేఖర్‌కు చెప్పాను. బతిమాలాను కూడా. ఇది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది. "ముసలాయన్ని లోపల పెట్టి గడియ వేసుకోక్కా" అన్నాడు.

సరే, బండి బాగు చేయించలేదని అనలేను. ఆరోగ్యం అనే అతన్ని పిలిచాడు. ఆరోగ్యం కార్ల కరెంటు పని చేసేవాడు. ఇంట్లో తమిళం, మాతో తెలుగు, బండితో రెండూ కలిపి బూతులు. పని తక్కువ, వాగుడు ఎక్కువ అని నేనే వెక్కిరించేదాన్ని. మొదట రిమోట్‌లో సెల్లు మార్చాడు. తర్వాత, రిమోట్, బండి ఒకదాన్నొకటి మరిచిపోయాయి, రెండింటికీ మళ్ళీ పెళ్ళి చేయాలంటూ డ్రైవరు సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పుతూ బటన్లు నొక్కాడు. రెండు రోజులు కాపురం బాగానే సాగింది. మళ్ళీ మొదలు. అదురును పసిగట్టే పెట్టె ఒకటి ఉంటుందట, దాని మర తిప్పి చురుకు తగ్గించాడు. మళ్ళీ మొదలు.

చివరికి బానెట్ అంచు కింద ఉండే చిన్న బొత్తాం చూపించాడు. మూత తెరిస్తే అది పైకి లేచి అలారానికి చెప్తుంది. బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీంచి గాలికి లేచే తెల్లటి ధూళి అందులో గడ్డకట్టింది. ఎవరో మూత తెరిచారని బొత్తాం పొరబడుతోంది. నాయన ఊపిరితిత్తుల్లో ఉన్నదీ గని దుమ్మే, కారు గొంతులో పడిందీ గని దుమ్మే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముళబాగిలు వెళ్ళి కొత్త బొత్తాం తెచ్చి, రబ్బరు తొడుగు వేసి బిగించాడు. రిమోట్ కూడా కొత్తది తెప్పించుకోమన్నాడు, శేఖర్ తర్వాత చూద్దాం అన్నాడు. పనైపోయాక ఆరోగ్యం అలారాన్ని ఒకసారి మోగించి చూశాడు. మధ్యాహ్నం. నాయనకు అప్పుడే అన్నం కలిపి పెడుతున్నాను. ఎంగిలి మూతితోనే లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. ఆపబోతే జీవితంలో మొదటిసారి నన్ను కొట్టాడు. కొట్టి, తన చేతిని చూసుకుని, నేనెవరో అడిగాడు.

ఆయన్ని పడుకోబెట్టాను. ఆరోగ్యం వెళ్ళిపోయాడు. శేఖర్ లాక్ నొక్కి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి టక్కుమని తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. అలా తెరుచుకున్నాక బానెట్ ఎత్తినా అలారం మోగదని అప్పటికి నాకు తెలుసు. నేను గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని సందులోకి వెళ్ళాను. తలుపు తీసి, ఆరోగ్యం లాగగా చూసిన పిడి లాగి, బానెట్ ఎత్తాను. సైరన్ ఏదో నాకు తెలుసు, అన్నిసార్లు కిటికీలోంచి చూశాను కదా. దాని వైరు కోశాను. ఒక్క కోత. మూత వేసి వచ్చి చేతులు కడుక్కుని, నాయన తినగా మిగిలిన అన్నం నేను తిన్నాను.

దీనికి తల వంచను. మళ్ళీ అదే మధ్యాహ్నం వస్తే మళ్ళీ కోస్తాను. మీ నాన్న అలా నిలబడి ఉంటే మీరేం చేసేవారు? కొత్త బొత్తాంతో అలారం నిజంగానే బాగుపడి ఉండవచ్చు, ఇంకొక్క రోజు ఆగి ఉంటే సరిపోయేదేమో, ఆ సంగతి తెలుసుకునే దారి కూడా నేనే కోసేశానేమో అని అనుకోని రోజు లేదు. అయినా కోస్తాను.

సందు నిశ్శబ్దమైపోయింది. లాక్ చేసినప్పుడు కూత రాకపోతే అది ఆరోగ్యం పనితనమే అనుకున్నాడు శేఖర్. లైనంతా ఆరోగ్యాన్ని మెచ్చుకుంది. నేనూ తలాడించాను. నాయన మధ్యాహ్నాలు నిద్రపోవడం మొదలుపెట్టాడు. నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

కొన్నాళ్ళకు ఊరిగాం స్టేషను దగ్గర కారు పోయింది. పట్టపగలు. కూత పెట్టలేదు. తర్వాత ముళబాగిలు దాటాక హైవే పక్కన చక్రాలు లేకుండా దొరికింది. బానెట్ ఎత్తి చూస్తే సైరన్ వైరు కోసి ఉంది. ఎంత నున్నగా కోశాడో చూడండి, ఇది వైర్లు తెలిసిన చెయ్యే అన్నారు అందరూ. నా కత్తెర అది. కోటు గుడ్డ నాలుగు మడతలు ఒకేసారి కోస్తుంది, వైరు ఒక లెక్కా? రిమోట్ జత చేసినవాడు తనకూ ఒకటి చేసుకునే ఉంటాడన్నారు. ఆరోగ్యాన్ని పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళారు. రుజువు లేక వదిలేశారు. లైన్లు మాత్రం వదల్లేదు. తాళంచెవి అప్పగిస్తే గానీ జరగని పని అతనిది. ఎవరిస్తారు?

అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. వాగుడు లేదు.

"అక్కా, నువ్వు యాపొద్దూ ఈ కిటికీ కాడే కుడతా ఉంటావు గదా. నేను పోయినంక ఎవురన్నా బానెట్ తెరిచింది చూసినావా?"

మిషన్ ఆపలేదు నేను. "లేదప్పా. నేను చూడలేదు."

"బాగా గ్యాపకం చేసుకో అక్కా. నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. నీ మాట నమ్ముతారు."

"చూడలేదంటిని గదప్పా."

"సరే అక్కా. ఇంగ పోయొస్తా." లోపలికి తొంగి చూశాడు. "తాత బాగుండాడా? ఇబ్బుడు నిద్ర పోతా ఉండాడా?"

పోతున్నాడని చెప్పాను.

నన్ను తీసుకెళ్తే నాయన్ని ఎవరు చూస్తారు? ఆ రోజు నాకు నేను చెప్పుకున్న కారణం అది. కారణం అబద్ధం కాదు. కానీ నాయన పోయాడు. సమాధి చేసి వచ్చాం. ఆ మర్నాడు చెప్పవచ్చు కదా? చెప్పలేదు. ఆ ఏడు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. అంటే నాయన అడ్డం కాదు. నాయన వెనక దాక్కున్నాను, అంతే. పిరికిదాన్ని. నన్ను పిరికిది అన్నవాళ్ళను ఇంతవరకు ఊరికే వదల్లేదు నేను. ఇప్పుడు నేనే అంటున్నాను.

ఒకటి మాత్రం మింగుడుపడదు. కేజ్ పైకి వచ్చేదాకా అందరూ అందరి కోసం నిలబడాలన్న పద్ధతి నాయన చెదిరిన బుర్రలో కూడా నిలిచింది. ఏ మతిమరుపూ లేని నేను, గుమ్మంలో మనిషి కూలిపోతుంటే, మిషన్ తొక్కుతూ కూర్చున్నాను.

శేఖర్‌కు కొత్త కారు వచ్చింది. దాని అలారం మోగదు. ఇప్పటికీ కుళాయి దగ్గర "ఆ దొంగ ఆరోగ్యం" అంటూ ఆ కథ చెప్తాడు. నేను బిందె పట్టుకుని వింటాను. అతనికి నేను ఏ బాకీ లేను. కారు తలుపులు తెరుచుకుంటున్నాయని తెలిసీ కొత్త రిమోట్ కొననిది అతను.

ఆరోగ్యం ముళబాగిలులో లారీల టైర్లకు పంచర్లు వేస్తున్నాడని విన్నాను. ఇక్కడి నుంచి బస్సులు పోతూనే ఉంటాయి. ఎక్కుతానని మీకు మాట ఇవ్వను. ఇచ్చి తప్పితే అది ఇంకో అబద్ధం. నేను ఎక్కినా అతను పోగొట్టుకున్న ఏళ్ళు తిరిగి రావు. నన్ను క్షమించాల్సిన అవసరమూ అతనికి లేదు. నేనైతే క్షమించను.

కానీ అతను అడిగిన ప్రశ్న ఇన్నాళ్ళూ నా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఈ రోజు మిషన్ ఆపేశాను. దానికి జవాబు చెప్తున్నాను, మీరు వినండి.

చూసినానప్పా. కిటికీలోంచి కాదు, బండి కాడ నిలబడే చూసినాను. కోసింది నేనే.