జోసెఫ్ గారి కొర్రీలు

రోజూ ఉదయం ఏడున్నరకు జోసెఫ్ గారు నల్లగండ్లలోని మా అపార్టుమెంటు గేటు పక్కన, ఎల్లయ్య టిఫిన్ బండి దగ్గర ప్లేటు అందుకుంటారు. కళ్లద్దాలు పైకి తోసుకుని, ఇడ్లీని నాలుగు వైపులా పరిశీలించి వెనక్కి ఇచ్చేస్తారు. కొర్రీ పెట్టకుండా ఆయన ఈ లోకంలో దేన్నీ ఒప్పుకోరు.

"ఏంది సారూ, ఇడ్లీకి గూడ సంతకం గావాల్నా?" అంటాడు ఎల్లయ్య.

"అంచు విరిగిందయ్యా. పైగా చట్నీ జతచేయలేదు."

ఆయన ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్లు పీహెచ్‌డీ దరఖాస్తులకు తప్పులు పట్టి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ కొర్రీ వదల్లేదు. "మా పెళ్లికార్డుకే మూడుసార్లు పెట్టాడమ్మా. నాలుగోది పెడితే మా నాన్న సంబంధాన్నే తిప్పి పంపేవాడు" అంటారు ఆయన భార్య కృపమ్మ గారు.

ఆ విశ్వవిద్యాలయంలోనే, మానవీయ శాస్త్రాల విభాగంలో, తెలుగు సాహిత్యానికి ఒక పీహెచ్‌డీ సీటు పడింది. ఒకే ఒక్కటి, అదీ ఆరేళ్ల తర్వాత. నేనేమో ఎంఏ పూర్తిచేసి, పుస్తకాలతో తప్ప మనుషులతో మాట్లాడలేక ఇంట్లో కూర్చున్నదాన్ని. ఆన్‌లైన్‌లో నింపినా, సంతకం చేసిన ప్రింటు గడువులోగా పోస్టులో చేరాలి. ఇంకా పన్నెండు రోజులున్నాయి. తప్పులుంటే చూడమని కవరు తీసుకెళ్లి జోసెఫ్ గారి చేతిలో పెట్టాను.

"ఫొటోలో నవ్వుతున్నావమ్మాయ్. పరిశోధన ఇంకా మొదలే కాలేదుగా? ఇది నా ఫైలుకి ఉంచుతాను, ఇంకోటి తీసుకురా. ఇంతకీ టాపిక్ ఏంటి?"

"ఈ ఐటీ మేడలు కట్టిన కూలీలు పనిలో పాడుకున్న పాటలండి."

"వినపడలేదు."

నిజమే అయి ఉంటుంది. నాకే సరిగ్గా వినపడలేదు.

మర్నాడు సంతకం గీత దాటింది. ఆ మర్నాడు పిన్ను వంకర. తర్వాత మార్జిన్. ప్రతిసారీ చివర్లో టాపిక్ ప్రశ్న, ఆ ప్రశ్నకు రోజుకో కొత్త తోక.

"పాటకి పీహెచ్‌డీ దేనికి? ఫోన్‌లో రికార్డు చేసుకోరాదూ?"

నాకు ఒళ్లు మండింది. రోడ్డు మీది కంపెనీ బస్సుల హారన్లను మించి అరిచాను. "ఫోన్‌లో పాట ఉంటుందండీ. ఏ బరువు ఎత్తుతూ పాడారో, ఎప్పుడు మానేశారో ఉండదు."

ఎల్లయ్య గరిటె ఆపి మరీ విన్నాడు. పదో రోజుకల్లా, "సారూ, ఇంటర్వ్యూకి నన్ను పొమ్మంటే పోతా. నాకు మొత్తం ఒచ్చేసింది" అన్నాడు.

గడువు చివరి రోజున పన్నెండో కాపీ ఇచ్చాను.

"కవరుకి జిగురు ఎక్కువైంది" అన్నారు.

"ఇక పోస్టు చేసినా చేరదండీ. ఆరేళ్లకొక సీటు, మీ కొర్రీలకు పోయింది." బండి చుట్టూ ఉన్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. అయినా నా గొంతు తగ్గలేదు.

ఆయన తాపీగా జేబులోంచి స్పీడ్‌పోస్టు రసీదు తీశారు. పదకొండు రోజుల కిందటిది. మొదటి కాపీ, ఆ నవ్వే ఫొటోతో సహా, ఎప్పుడో చేరిపోయింది.

"దరఖాస్తులో తప్పేం లేదమ్మాయ్. గొంతు జతచేయలేదు, అంతే."

ఇంటర్వ్యూలో ఐదుగురు కూర్చున్నారు, హారన్లు లేవు. నేను చెబుతూ ఉంటే మధ్యలో ఒకాయన, "కాస్త మెల్లగా చెప్పమ్మా" అన్నారు.

సీటు వచ్చి రెండేళ్లయింది. ఇప్పుడు పై అంతస్తులో ఉండే కరుణ తన పోస్ట్‌డాక్ దరఖాస్తు పట్టుకుని బండి దగ్గర నిలబడుతోంది. ఆ పిల్ల అప్పటి నాకంటే మెల్లగా మాట్లాడుతుంది. నాకు తెలిసిన ఆ మొదటి కాపీ సంగతి తనకు చెప్పలేదు. నిన్నటికి జోసెఫ్ గారు ఏడో కొర్రీ పెట్టారు.