మా వదిన ఎంచుకున్న రాకెట్

ఈరోజు పొద్దున కడపలో మేమాడే మట్టి కోర్టులో బంతిని కాస్త బలంగా కొట్టబోతే నా చేతిలో రాకెట్ టప్పుమంది. చూస్తే మధ్యలో తీగ తెగి, రెండు కొసలూ పిల్లి మీసాల్లా పైకి లేచి ఉన్నాయి. అవతలి వైపు ఆడుతున్న అమ్మాయి ఈ మధ్యే మా ఊరి బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన పిల్ల. నెట్ దగ్గరికి వచ్చి జాలిగా చూసింది. "మళ్లీ తెగిందా ఆంటీ? తెగని రకం వేయించుకోండి. నాది ఎప్పుడు వేయించానో నాకే గుర్తు లేదు," అంది. నేను నవ్వి సంచిలోంచి ఇంకో రాకెట్ తీసుకున్నాను. తెగని తీగ సంగతి చెప్పాలంటే మా వదిన గురించి చెప్పాలి. మా వదిన గురించి మొదలుపెడితే ఎండెక్కిపోతుంది. అందుకని ఆ పిల్లకు చెప్పలేదు, మీకు చెబుతాను.

వదినంటే మా అన్న భార్య. కమలాపురం దగ్గరి రైతుల ఇంటి ఆడపడుచు. మా అన్నకు కడప శివార్లలో బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీ ఉంది. పేరు అన్నది, పెత్తనం వదినది. రాయి కోసే యంత్రం రొదను మించి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఎంత పెరిగిందంటే, ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూస్తారు. నలభై దాటేదాకా ఆమె టెన్నిస్ ముఖం చూసి ఎరగదు. ఒకసారి క్లబ్బు వరండాకు మా బండలే పరుస్తుంటే పని చూసుకోవడానికి వెళ్లింది. పక్కన కోర్టు ఖాళీగా కనిపించింది. వచ్చి, "అంత జాగా ఊరికే పడుండాది పాపా, మనమైనా ఆడుకుందాం పా," అంది. నేనప్పటికే జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, కూతురికి పెళ్లీడు వచ్చింది. అయినా ఆమెకు నేను పాపనే, ఇప్పటికీ పాపనే. చుడీదార్లు వేసుకుని, క్యాన్వాసు బూట్లు తొడుక్కుని ఇద్దరం తెల్లవారగానే బయల్దేరేవాళ్లం. కోర్టు బాగు చేయించే పూచీ తనదేనని చెప్పి, క్లబ్బువాళ్ల చేత ఔననిపించింది. వదినా ఆడబిడ్డలం ఇంట్లో ఎన్నడూ ఒకరి మీద ఒకరం గొంతెత్తింది లేదు. కోర్టులో మాత్రం మధ్యకు వచ్చిన ప్రతి బంతికీ కొట్లాడుకునేవాళ్లం.

వదినకు మొదటి రాకెట్ మా అన్న కొనిచ్చాడు. ఆడవాళ్లకు కదా అని, కొట్టులో అన్నిటికన్నా తేలికైనది, గులాబీ రంగుది ఏరి తెచ్చాడు. తీగల దగ్గరికి వచ్చేసరికి ఆయనలోని బండల వ్యాపారి మేలుకున్నాడు. రాకెట్‌కు తీగలు అల్లి బిగించడాన్ని ఆటవాళ్లు గట్టింగ్ అంటారు, తీగను గట్ అంటారు. మా వైపు గట్టు అంటే చేని గట్టే. "ఎద్దులు తొక్కినా తెగని గట్టు వేయించినా," అని అన్న ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. అది బిరుసైన పాలిస్టర్ తీగ. దాన్ని బిగించగలిగినంతా బిగించారు. బంతి తగిలితే బండ మీద పడ్డట్టు ఎగిరేది. అన్న మాట నిజమే, అది తెగలేదు. ఎండాకాలం పోయి, వానలు మొహం చాటేసి, మళ్లీ ఎండాకాలం వచ్చినా తెగలేదు.

దెబ్బతిన్నది వదిన మోచేయి. చాలా రోజులు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది. ఒక ఆదివారం రాగి సంగటి కెలుకుతూ, కట్టె సగంలో వదిలేసి, కుడి మోచేయి పట్టుకుని పొయ్యి పక్కనే కూర్చుండిపోయింది. మా అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదత్తా, మోచేయి పీకుతాండాది."

అమ్మకు ఒక్క చూపులో అంతా అర్థమైంది. "ఇంక ఆ బ్యాటు ఆట సాలు. ఈ ఇంట్లో నీ చెయ్యి ఆడకపోతే ఏదీ ఆడదు," అంది. డాక్టరు కూడా ఆ మాటే ఇంకొంచెం మర్యాదగా చెప్పాడు. ఈ వయసులో మొదలుపెట్టే ఆట కాదమ్మా ఇది, మానేస్తే మంచిది అన్నాడు. కర్నూలులో నలభై దాటిన ఆడవాళ్ల డబుల్స్ పోటీ ఉందని తెలిసి అప్పటికే మా ఇద్దరి పేర్లూ ఇచ్చి ఉన్నాం. వదిన రాకెట్ తీసి బీరువా మీద పెట్టేసింది. నేను ఒక్కదాన్నే వెళ్లి గోడకేసి కొట్టి వచ్చేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉప్పు అందుకోమన్న మాట పక్క గదిలోకి కూడా వినిపించేది కాదు. మోచేయి నొప్పి కన్నా ఆ నెమ్మది నన్ను ఎక్కువ భయపెట్టింది.

చేతికి కొంత విశ్రాంతి దొరికాక ఒక పొద్దున ఫ్యాక్టరీ నుంచి ఫోను చేసింది. "పాపా, బయల్దేరు. కర్నూలుకు పోదాం." గొంతు మళ్లీ పాతదే. విషయమేమిటో బస్సులో చెప్పింది. బండ అంచు సరిచేయడానికి ఎడం చేత్తో చిన్న సుత్తి అందుకుని కొట్టిందట. జివ్వుమని అదురు మోచేతిదాకా పాకింది. రాకెట్ పట్టినప్పుడు కుడిచేతికి వచ్చే అదురూ అచ్చం అలాంటిదే. వెంటనే పెద్ద సుత్తి తీసుకుని అదే బండను కొట్టి చూసింది. ఏమీ కాలేదు.

"పెద్ద సుత్తి అదురును అదే మింగుతాది. చిన్నది మన చేతికి పంపిస్తాది. ఆట తప్పు గాదు పాపా, బ్యాటు తప్పు," అంది.

కర్నూలులో ఆటవస్తువుల కొట్టాయన ఒకప్పుడు తనూ బాగా ఆడినవాడే. గులాబీ రాకెట్ తీసుకుని తీగల మీద అరచేత్తో తట్టాడు. "తెగలేదు గానీ మేడం, ఇది ఎప్పుడో సచ్చిపోయిండాది. దీంట్లో సాగే గుణమే లేదు. దెబ్బంతా మీ చేతికే," అన్నాడు. వదిన గెలిచినట్టు నా వైపు చూసింది. ఇక రాకెట్ల ఎంపిక మొదలైంది. ఒక్కొక్కటీ పట్టుకుని, కళ్లు మూసుకుని, గాలిలో ఊపి, పక్కన పెట్టేది. ఆయన తేలికవి ముందుకు జరిపేవాడు, ఈమె వెనక్కి నెట్టేది. చివరికి కాస్త బరువున్నది, కొట్టినప్పుడు కొంచెం వంగే గుణమున్నది ఏరుకుంది. మెత్తటి తీగ, అదీ వదులుగా బిగించమంది. కొట్టాయన తటపటాయించాడు.

"మెత్తది చేతికి మంచిదే మేడం. కానీ మన ఎండకు, దుమ్ముకు నిలబడదు. శానా బిరీన తెగుతాది."

"తెగనీలేప్పా. తీగ తెగితే నువ్వు ఇంకోటి బిగిస్తావు. మోచేయి తెగితే యాడ బిగించుకోవాల?"

ఆయన నవ్వేశాడు. అచ్చం అలాంటిదే ఇంకో రాకెట్ కూడా బిగించి ఇచ్చాడు.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. మొదట ఊరికే బంతిని అవతలికి దాటించేవాళ్లం. మెల్లగా బలం పెంచింది. ఒక ఆదివారం సంగటి మొదటినుంచి చివరిదాకా తనే కెలికింది. అమ్మ ఆ పూట తొలి ముద్ద వదిన కంచంలో పెట్టింది. కొట్టాయన చెప్పినట్టే తీగలు తరచూ తెగేవి. మా కోర్టు ఇసుక తీగల మధ్య చేరి, ప్రతి దెబ్బకూ రంపంలా కోసేది. వదిన ఆట అయ్యాక మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, రాకెట్లను పాత నూలు చీరలో చుట్టి, చల్లగా ఉంటుందని బియ్యం డ్రమ్ముల పక్కన పెట్టేది. ఎండలో నిలబెట్టిన కారులో వాటిని వదిలితే పసిపిల్లను వదిలినట్టు కేకలేసేది. "రాయి కోసే బ్లేడైనా ఇన్నిసార్లు మార్చలేదు," అని అన్న గొణిగేవాడు.

పోటీ నాటికి చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి వచ్చింది. అయిదారు జంటలకన్నా ఎక్కువ లేవు గానీ, మా మటుకు మాకది ప్రపంచ పోటీయే. ఫైనల్లో మా ఎదుట పడ్డది ఏళ్ల తరబడి కలిసి ఆడిన కర్నూలు జంట. చెరొక సెట్టూ గెలిచి, ఆఖరి సెట్టులో సమానంగా నిలబడ్డాం. ఇక తేలిపోతుందనుకున్నప్పుడు వదిన రాకెట్‌లో తీగ తెగింది. బంతి వెళ్లి నెట్‌లో పడింది, పాయింటు పోయింది. నేను తెగిన తీగ వైపే చూస్తుండిపోయాను. ఆమె మాత్రం తీరిగ్గా నడిచి వెళ్లి, చుట్టి తెచ్చిన పాత నూలు చీర మడతలోంచి రెండో రాకెట్ తీసుకుని వచ్చింది. "ఎందుకట్ల చూస్తావు? తెగుతాదని తెలిసే కదా రెండు తెచ్చుకొన్నాము. నువ్వు నెట్ కాడ నిలబడు," అంది. అదే బరువు, అదే బిగువు. చేతికి తేడాయే తెలియలేదు. తరవాతి బంతిని ఆ ఇద్దరి మధ్య నుంచి నేల బారుగా కొట్టింది. అది నాదా నీదా అని వాళ్లు ఒకరినొకరు చూసుకునేలోపే బంతి దాటిపోయింది. ఇక అక్కణ్ణుంచి మేము వెనక్కి చూసుకోలేదు.

బస్టాండులో అమ్మ ఫోను వచ్చింది. గెలిచారా అని అడగలేదు. "చెయ్యి ఎట్లుండాది?" అంది. "చెయ్యి బాగుండాది అత్తా. ఆటా గెలిచినాము," అని వదిన అరిస్తే బస్టాండంతా మా వైపు తిరిగింది.

ఇప్పుడు వదిన నందికొట్కూరులో రెండో ఫ్యాక్టరీ పెట్టింది. వారంలో సగం రోజులు అక్కడే. ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాను చదును చేయించి, గీతలు గీయించి, ఆ ఊరి టీచరమ్మలను పోగేసి ఆట నేర్పుతోంది. వయసు మీద పడుతుందని అందరూ అంటారు. మా వదినను చూసినప్పటి నుంచి నాకు మాత్రం, వయసు మీద పడేది కాదని, పొద్దున్నే మనతో పాటు లేచి ఆటకు బయల్దేరేదని అనిపిస్తుంది.